గోటి మీద ఇంద్రధనుస్సు

కార్తీకమాసం వనభోజనాల పేరు చెప్పి ఎత్తిపోతలకు వెళ్ళాం. జనమంతా కడ్డీల మీద వాలి కిందికి చూస్తుంటే, మా చెల్లెలి కూతురు మాత్రం జలపాతానికి వీపు పెట్టి నిలబడి, కుడిచేతి వేళ్ళను ఎండలోకి చాపి అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు మూడూ కలిసి 70 అడుగుల కిందికి దూకే చోట గోళ్ళు చూసుకునే పిల్లని ఏమనాలి? ముప్ఫయ్యేళ్ళు సోషల్ పాఠాలు చెప్పిన నోరు కదా, ఊరుకోలేదు.

"ఏమే, మనం నీళ్ళు చూడ్డానికి వచ్చామా, గోళ్ళు చూడ్డానికా?"

"పెద్దమ్మా, తిట్టేముందు ఒక్కసారి చూడు" అని చెయ్యి నా ముక్కు కిందికి తెచ్చింది.

చూశాను. ప్రతి గోటి మీదా ఒక సన్నటి రంగుల చార. ఎరుపు నుంచి ఊదా దాకా వరసలో ఉన్నాయి. వేలు వంచితే చార గోటి మీద పాకుతోంది. వేలు నీడలోకి తీస్తే ఏమీ లేదు, ఉత్త బూడిదరంగు. మళ్ళీ ఎండలో పెడితే మళ్ళీ ఏడూ హాజరు. నేను తలెత్తి జలపాతం వైపు తిరిగాను. సూర్యుడు నా వీపు వెనక ఉన్నాడు. నీటి తుంపర్లలో సరిగ్గా అదే వరసలో ఇంద్రధనుస్సు వేలాడుతోంది. ఇంకా తిడదామనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది.

ఎత్తిపోతల అన్న పేరే ఒక తమాషా. ఎత్తి పోసేదాన్ని కదా మనం ఎత్తిపోతల అంటాం. ఇక్కడ ఎవరూ ఎత్తడం లేదు, అంతా పోయడమే. యతులు తపస్సు చేసిన స్థలం గనక యతి తపోతలం, అదే ఎత్తిపోతల అయిందని చెప్పేవారున్నారు. కింద మడుగు దగ్గర మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది కాబట్టి ఇప్పుడు తపస్సుకు దిగే యతి కొంచెం ఆలోచించుకోవాలి. ఏమైతేనేం, పేరు ఒకటి చెబితే కంటికి ఇంకొకటి కనిపించే చోటుకు ఆ గోళ్ళరంగు బాగానే అతికింది.

ఇంతకీ అసలు సమస్య భోజనాల దగ్గర బయటపడింది. దాని అన్న పెళ్ళి ఇరవై రోజుల్లో ఉంది. ఆ సీసా కొని వారమైంది. వేసుకున్న రెండో రోజుకే అంచులు లేస్తున్నాయట. "పెళ్ళి మూడు రోజులు పెద్దమ్మా, స్నాతకం నాడు వేస్తే సత్యనారాయణ వ్రతం దాకా ఉండాలి. ఏం చెయ్యాలి?" అంది, నేనేదో గోళ్ళ డాక్టరునైనట్టు. పక్కనే పులిహోర కలుపుతున్న మా అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. ఆ ఆగడం నేను చూశాను.

గోటికి రంగు నిలవడం అనే ప్రశ్న మా ఇంట్లో కొత్తది కాదు. ఒకప్పుడు ఆ ప్రశ్న తలకిందులుగా ఉండేది.

మా నాన్న 1971లో పోయాడు. అప్పటికి అమ్మకు 30 ఏళ్ళు, నాకు 9, చెల్లికి 4. అమ్మ కుట్టుమిషను మీద మమ్మల్ని పెంచింది. ఆషాఢం వచ్చిందంటే మా పెరట్లో గోరింటచెట్టు మీద వీధి వీధంతా పడేది. ఆకు కోసుకొచ్చేది పిల్లలం, రోట్లో వేసి నూరేది అమ్మ. నూరబోయే ముందు ఆవిడ ఒక పని చేసేది. రెండు చేతులకూ కొబ్బరినూనె దట్టంగా పట్టించేది, గోళ్ళ సందుల్లోకి కూడా. ఎందుకమ్మా అంటే, "అంటకుండా" అనేది. మాకు పెట్టడం అయ్యీకాకముందే పరుగున నూతి దగ్గరికి వెళ్ళి చేతులు తోముకునేది. ఆ రోజుల్లో మొగుడు పోయిన మనిషికి గోరింటాకు ఉండకూడదు. పెట్టుకోవడం మాట అటుంచి, నూరినందుకు అంటినా తప్పే.

ఒక ఏడు నూనె సరిపోలేదో, ఆలస్యమైందో, అమ్మ కుడి చూపుడువేలి గోరు పండింది. ఎంత ఎర్రగా పండిందంటే, మా అందరి చేతుల్లోనూ అంత మంచి రంగు ఎవరికీ రాలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఒకావిడ చూసి నవ్వుతూనే ఒక మాట అంది. ఆ మాట ఇక్కడ రాయను. ఆ మర్నాటి నుంచి అమ్మ ఆ వేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. ఎవరడిగినా, "సూది గుచ్చుకుంది" అనేది. కుట్టుపని చేసే మనిషి గనక అందరూ నమ్మారు. సూది పోటు వారంలో మానుతుంది. గోరింటాకు అలా మానదు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదట్లో ఉన్న రంగు కొసకు జరిగి కత్తిరింపుకు రావాలంటే ఆరు నెలలు. ఆషాఢంలో చుట్టిన పీలిక సంక్రాంతి ముగ్గుల నాటికి గానీ విప్పలేదు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారని నేను ఏటేటా పిల్లల చేత తేదీతో సహా వల్లె వేయించాను. ఆ పెళ్ళి జరిగిన 90 ఏళ్ళ తర్వాత మా ఇంట్లో ఒక గోటికి గుడ్డ చుట్టారన్న సంగతి ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు.

గోరింటాకు అంత మొండిగా ఎందుకు పడుతుందంటే, అది గోటి పైన కూర్చునే రంగు కాదు. ఆకులో లాసోన్ అనే పదార్థం ఉంది. గోరు, వెంట్రుక, గేదె కొమ్ము, గిట్ట ఇవన్నీ కెరటిన్‌తో తయారైనవి. లాసోన్ ఆ కెరటిన్‌లోకి దిగి దానితో ముడిపడిపోతుంది. ఆ తర్వాత దాన్ని సబ్బు కడగలేదు, బూడిద తోమలేదు. నాట్లు వేసే చేతికీ, గిన్నెలు తోమే చేతికీ, మిరపకాయలు తొడిమలు తీసే చేతికీ అందుకే అది సరిపోయింది. రెక్కాడే ఆడదానికి నిలిచే అలంకారం అదొక్కటే. మధ్యలో నూనె పొర ఉంటే మాత్రం అది లోపలికి దిగలేదు. కెరటిన్ పేరు తెలియకపోయినా ఆ రసాయనం మా అమ్మకు తెలుసు.

ఇక పైన కూర్చునే రంగుల వంశం వేరు. దానికి మూలపురుషుడు లక్క పురుగు. చెట్టుకొమ్మను అంటిపెట్టుకుని రసం పీల్చి, తన చుట్టూ జిగురు గూడు కట్టుకునే చిన్న ప్రాణి. గుంపులు గుంపులుగా ఉంటుంది గనక లక్ష అన్న మాటకూ లక్కకూ చుట్టరికం కలిపారు. మన పాత కావ్యాల్లో నాయికల పాదాలకు పెట్టిన లత్తుక, లాక్షారసం దీని ఎరుపే. దీని జిగురుతోనే పాండవులను తగలబెట్టడానికి ఇల్లు కట్టారు, ఏటికొప్పాకలో బొమ్మలకు నునుపు తెస్తున్నారు, హైదరాబాదు లాడ్‌బజారులో గాజుల మీద అద్దాలు అతుకుతున్నారు. ఇంగ్లీషువాళ్ళ లాకర్ అనే మాట కూడా ఈ లక్క నుంచే వెళ్ళింది. మన పురుగు పేరు సముద్రం దాటి, మళ్ళీ నెయిల్ లాకర్ అని సీసాలో కూర్చుని మాచర్ల ఫ్యాన్సీ షాపుకు తిరిగొచ్చిందన్నమాట.

పేరు మనదే గానీ సీసాలో సరుకు మాత్రం యుద్ధానిది. స్విట్జర్లాండులో షోన్‌బైన్ అనే ప్రొఫెసరు 1840లలో వంటింట్లో ఆమ్లాలతో ప్రయోగం చేస్తూ ఒలకబోసి, భార్య ఏప్రన్‌తో తుడిచి పొయ్యి దగ్గర ఆరేస్తే అది భగ్గున మాయమైందని ఒక కథ చెబుతారు. ఆవిడేమన్నదో చరిత్రకారులు రాయలేదు, నేనైతే ఊహించుకోగలను. కథ మాట ఎలా ఉన్నా, 1846లో ఆయన లోకానికి చూపించిన తుపాకిదూది మాత్రం నిజం. దూదిని నత్రికామ్లంలో ముంచితే నైట్రోసెల్యులోజు. అదే తర్వాత సినిమా రీళ్ళయింది, మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక కార్లకు వేసే డూకో రంగయింది. తొందరగా ఆరుతుంది, అద్దంలా మెరుస్తుంది. కారు తలుపుకు వేసేది వేలి గోటికి ఎందుకు వెయ్యకూడదని ఎవరికో తోచింది. 1932లో అమెరికాలో రెవ్‌లాన్ కంపెనీ మొదలైంది ఈ గోళ్ళరంగుతోనే. మన దేశంలో 1952లో టాటాలు లాక్మే పెట్టారు. ఆ పేరు 1883 నాటి ఒక ఫ్రెంచి సంగీతనాటకానిది. అందులో నాయిక మన లక్ష్మే, ఫ్రెంచివాళ్ళ నోట లాక్మే అయింది. లక్క వెళ్ళి లాకర్‌గా వచ్చినట్టే లక్ష్మి వెళ్ళి లాక్మేగా వచ్చింది. పుట్టింటి పేరు మార్చుకోవడంలో ఆడపిల్లలకు తోడు దొరికింది.

కారు రంగు గోటికి ఎందుకు నిలవదో కూడా ఇక్కడే ఉంది. కారు తలుపు నీళ్ళు పీల్చదు. గోరు పీలుస్తుంది. గిన్నెలు తోమినంతసేపూ నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. పైన ఉన్న రంగు పొరకు ఆ సాగడం ముడుచుకోవడం చేతకాదు. అంచున పగులుతుంది, పగులులోంచి నీళ్ళు దూరతాయి, పొర పెచ్చులుగా లేస్తుంది. పని చెయ్యని చేతులకు పుట్టిన అలంకారం అనిపిస్తుంది నాకు. పనిచేసే చేతులు దాన్ని పట్టుకుని ఎలాగైనా నిలబెట్టాలని చూడటం తర్వాతి కథ.

ఇప్పుడు రంగుల చార సంగతి. మీ చిన్నప్పుడు పుస్తకంలో నెమలీక దాచుకున్నారా? పిల్లలు పెడుతుందని మేత కూడా వేసి ఉంటారు. పల్నాడు చేలల్లో నెమళ్ళకు కొదవ లేదు గనక మా పుస్తకాల నిండా అవే. ఆ ఈకను నూరి చూడండి, నీలం పోతుంది, గోధుమరంగు పొడి మిగులుతుంది. ఆ నీలం రంగు కాదు, ఈక లోపలి అతి సన్నటి అమరిక. వెలుగు ఆ అమరిక మీద పడి విడిపోవడమే మన కంటికి నీలం. ఈకలు, ముత్యపుచిప్పలు, సీతాకోకచిలుకల రెక్కలు ఇలా ఎందుకు మెరుస్తాయని విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ గారు పెద్దయ్యాక చాలాకాలం పట్టుబట్టి పరిశోధించారు.

ఈ మెరుపును మనిషి చేత్తో చెయ్యడం వెనక నాణేల ముద్రణశాల ఉద్యోగులున్నారంటే మొదట నేనూ నమ్మలేదు. పట్టకంతో తెల్లవెలుగును ఏడుగా విడదీసిన న్యూటను 1696లో లండన్ టంకశాలకు అధికారిగా వెళ్ళాడు. 1785లో అమెరికాలో హాప్కిన్‌సన్ అనే ఆయన పట్టు చేతిరుమాలులోంచి వీధిదీపాన్ని చూస్తే, దారాలు పెద్దవై కనిపించడమూ, రుమాలు కదిపినా అవి కదలకపోవడమూ వింతగా తోచి స్నేహితుడు రిట్టెన్‌హౌస్‌ను అడిగాడు. ఆయన సన్నటి మరల గాళ్ళలో వెంట్రుకలు వరసగా పరిచి, ఆ సందుల్లోంచి వెలుగును చూసి రంగులు లెక్కపెట్టాడు. ఆ రిట్టెన్‌హౌస్ 1792లో అమెరికా టంకశాలకు మొదటి డైరెక్టరయ్యాడు! మూడో ఆయన లండన్ టంకశాలలోని జాన్ బార్టన్. వజ్రపు మొనతో ఉక్కు అచ్చు మీద దగ్గర దగ్గరగా సన్నటి గీతలు గీసి, ఆ అచ్చును లోహపు బొత్తాల మీద కొట్టాడు. బొత్తాల మీద ఇంద్రధనుస్సు వచ్చింది. 1822లో పేటెంటు కూడా తీసుకున్నాడు. వాటిని బార్టన్ బొత్తాలనేవారు. కొవ్వొత్తుల కాంతిలో రవ్వల్లా మెరిసేవి. మా అమ్మాయి గోళ్ళకు అసలైన తాతముత్తాతలు అవే.

హోలోగ్రఫీ వేరే కథ. 1947లో డెన్నిస్ గాబర్ అనే హంగేరీ ఆయన ఇంగ్లండులో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని బాగుచేసే ప్రయత్నంలో ఆ ఊహ చేశాడు. 1960లో లేజరు వచ్చాక గానీ అది బొమ్మ కట్టలేదు. 1971లో ఆయనకు నోబెల్ వచ్చింది. మాకు ఆ సంవత్సరం గుర్తుండేది వేరే కారణానికి. 1983లో బాంకుల కార్డుల మీదికీ, ఆ తర్వాత మన ఓటరు కార్డుల మీదికీ ఆ మెరిసే బిళ్ళలు వచ్చాయి. చూశారూ, ఇంద్రధనుస్సు మళ్ళీ డబ్బు దగ్గరికే చేరింది. ఈ బిళ్ళల నుంచే ఆ మెరుపుకు హోలోగ్రాఫిక్ అన్న పేరు స్థిరపడింది గానీ, గోళ్ళరంగులో హోలోగ్రామ్ బొమ్మ ఏదీ లేదు. పలచటి లోహపు రేకు మీద బార్టన్ గీతల్లాంటివే, ఇంకా సన్నగా, మిల్లీమీటరులో వందల కొద్దీ అచ్చువేసి, దాన్ని పొడి చేసి రంగులో కలుపుతారు. ఒక్కొక్క పొడి రేణువూ ఒక్కొక్క చిన్న బొత్తాం. మీ ఇంట్లో పాత సీడీ ఉంటే తిప్పి చూడండి, అదీ అంతే. చేలో పిట్టల్ని బెదరగొట్టడానికి కట్టిన సీడీకీ పెళ్ళిలో అమ్మాయి గోటికీ కిటుకు ఒకటే.

ఇంత తెలిసాక రంగు నిలిపే ఉపాయాలు పెద్ద బ్రహ్మవిద్య కాదు. మా అమ్మాయీ నేనూ కూర్చుని, నా పది గోళ్ళ మీదా దాని పది గోళ్ళ మీదా పది రోజులు ప్రయోగాలు చేశాం. వేసుకునే ముందు గోళ్ళను నీళ్ళలో నానబెట్టకూడదు, ఉబ్బి ఉంటాయి. మొదట అడుగుపూత ఒకటి వెయ్యాలి. తర్వాత హోలో రంగు పలచగా రెండు పూతలు, ఒకసారి లాగిన చోట కుంచె మళ్ళీ లాగకూడదు. రేణువులు గోటి మీద చాపలా పరుచుకుంటేనే చార వస్తుంది. మందంగా వేసి కెలికితే అవి తలోదిక్కూ తిరిగి ఉత్త మెరుపు మిగులుతుంది. గోటి కొస అంచును, అంటే మందం కనిపించే ఆ సన్నటి గీతను కూడా కుంచెతో ఒకసారి తుడిచినట్టు పూయాలి. పెచ్చు లేవడం మొదలయ్యేది అక్కడే. పైపూత వేస్తే నిలుస్తుంది గానీ కొన్ని పైపూతలు చారను మసకబారుస్తాయి, ముందు ఒక గోటి మీద చూసుకోవాలి. రెండు మూడు రోజులకొకసారి పైపూత మళ్ళీ వేస్తే ఆయుష్షు పెరుగుతుంది. అయిదు నిమిషాల్లో ఆరినట్టు కనిపిస్తుంది, నమ్మకండి; లోపల గట్టిపడటానికి గంటలు పడుతుంది. నేను నమ్మి పడుకున్నాను, పొద్దున్నే నా బొటనవేలి మీద దుప్పటి నేత అచ్చుపడి ఉంది. గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోమంటారు. వేసుకోలేదు, మూడో రోజుకి నావి పెచ్చులు. అమ్మాయివి ఆరు రోజులు ఉన్నాయి.

వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది. గోటి మీద జిడ్డు లేకుండా రంగు తీసే మందులో దూది ముంచి తుడవాలి. నూనె ఉంటే ఏదీ అంటదు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు సాయంత్రం అందరం అరుగు మీద కూర్చుని ఉండగా మా అమ్మాయి సీసా పట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్ళింది. "అమ్మమ్మా, చెయ్యి ఇవ్వు, నీకూ వేస్తా."

అమ్మ చెయ్యి కొంగులోకి పోయింది. "నాకెందుకే. రంగులు నాకు పడవు."

"ఇందులో రంగే లేదమ్మమ్మా. కావాలంటే పెద్దమ్మనడుగు."

పది రోజులుగా అందరి బుర్రా తిన్నది నేనే గనక తప్పించుకునే దారి లేకపోయింది. "నిజమేనమ్మా. రంగు కాదు, గీతలు" అన్నాను.

నలభయ్యేళ్ళు గుడ్డ మీద సుద్దతో గీతలు గీసిన మనిషి. కొంచెం ఆసక్తి కలిగింది. "ఎంతెంత దూరంలో?"

"మిల్లీమీటరులో వందల గీతలు."

"ఎవరు గీస్తారే అంత ఓపిగ్గా!" అంది. కొంగులోంచి ఎడమచెయ్యి చిటికెనవేలు ఒక్కటే బయటికి వచ్చింది.

అమ్మాయి ఆ వేలు పట్టుకుని చూసి, "అయ్యో, నిండా నూనే. దీని మీద ఏదీ నిలవదు" అంది. 84 ఏళ్ళ వయసులో ఈవిడ ఇప్పటికీ రోజూ చేతులకు కొబ్బరినూనె రాసుకుంటుంది. గోరింటచెట్టు లేదు, రోలు లేదు, ఎదురింటి అరుగూ లేదు. అలవాటు ఉంది. నేను అమ్మాయి చేతిలోంచి దూది తీసుకుని నేనే తుడిచాను. ఒక గోటికి మూడు దూదులు పట్టాయి. కుడిచేతి చూపుడువేలి దగ్గర అమ్మ నా మొహంలోకి చూసింది గానీ ఏమీ అనలేదు. తొమ్మిది గోళ్ళకు వేశాం. పదోది డాక్టరుకు వదిలేశాం. ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజను చూసేటప్పుడు గోళ్ళరంగు లెక్క తప్పించే అవకాశం ఉందని చెబుతారు. ఆ వయసు మనిషికి ఒక గోరు ఖాళీగా ఉండటమే మంచిది. అమ్మకు ఈ ఏర్పాటు నచ్చింది. "ఇది డాక్టరు వేలు" అని అందరికీ చూపించింది.

పెళ్ళి హాలంతా ట్యూబులైట్లు. అలాంటి పరుచుకున్న వెలుగులో ఈ గీతలు పలకవు, ఒక్కచోటి నుంచి సూటిగా వచ్చే వెలుగు కావాలి. ఎండో, కొవ్వొత్తో, టార్చిలైటో. అంచేత అమ్మ గోళ్ళు మామూలు బూడిదరంగులో ఎవరి కంటా పడకుండా గంటసేపు గడిపేశాయి. అక్షింతలు వేసే వేళకు వీడియో కుర్రాడు పెద్ద లైటు తెచ్చి సరిగ్గా అమ్మ మీద పెట్టాడు. తొమ్మిది ఇంద్రధనుస్సులు ఒక్కసారి లేచాయి. పక్కన నిలబడ్డ మా బంధువు ఒకావిడ, అమ్మ ఈడుదే, వంగి చూసి, "ఇదేంటి వదినా, గోళ్ళకి?" అంది.

నా గుండె ఒక్క క్షణం ఆగింది. పాత గుడ్డపీలిక నాకు కనిపించింది.

అమ్మ చెయ్యి కొంగులోకి పోలేదు. లైటు వైపు ఇంకా కొంచెం చాపి, వేళ్ళు అటూ ఇటూ తిప్పి, "గీతలట. మిల్లీమీటరులో వందలట" అంది. తర్వాత నావైపు తిరిగి, "ఎన్ని వందలన్నావే?" అని అడిగింది. ఆ బంధువు ఇంకా ఏదో అనబోయి, తన చెయ్యి కూడా లైటులో పెట్టి చూసుకుంది, అక్కడేమీ లేదని తెలిసి కూడా.

అమ్మవి పదకొండు రోజులు ఉన్నాయి. ఆవిడ చేత గిన్నెలు తోమించం గదా. అమ్మాయి వెళ్ళిపోతూ సీసా ఇక్కడే వదిలేసింది, చిక్కబడితే గోళ్ళరంగు కోసమే అమ్మే తిన్నరు రెండు చుక్కలు వెయ్యాలి గానీ రంగు తీసే మందు పొయ్యకూడదని నాకు రెండుసార్లు చెప్పి మరీ. ఇప్పుడు పొద్దున్నే కాఫీ అయ్యాక అమ్మ కుర్చీ వాకిట్లోకి లాక్కుని, చిక్కుడుకాయలు ఒళ్ళో వేసుకుని, ముందు ఎడమచెయ్యి ఎండలో పెట్టి చూసుకుంటుంది. నిన్న నేను బయటికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని కాయలు ఈనెలు తీస్తోంది.

"మబ్బేసిందే ఇవాళ" అంది.